కుడి పాదం నటించలేదు

ఫిజియోథెరపీ పోస్ట్ గ్రాడ్యుయేట్ కళాశాల ప్రవేశాల అధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: మా అమ్మాయి ప్రాక్టికల్ పరీక్షలో "కంగారులో కుడి ఎడమలు తప్పాను" అని నేను చెప్పిన మాటను వెనక్కి తీసుకొనుట, ఆ మాట వల్ల ఆమెకు పడిన సున్నాను కొట్టివేసి, మళ్లీ పరీక్ష పెట్టించవలసిందిగా కోరుట గురించి.

ఈ అర్జీదారు తమకు సవినయంగా విన్నవించుకునేది ఏమంటే:

1. నేను గృహిణిని. అర్జీ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించాలి. దరఖాస్తుదారు నా ఏకైక కుమార్తె. డిగ్రీ పూర్తిచేసి, ఒక క్లినిక్‌లో కొన్నేళ్లుగా పనిచేస్తూ, తమ కళాశాలలో పైచదువు కోసం రాతపరీక్ష రాసి నెగ్గింది. మిగిలింది ప్రాక్టికల్ ఒక్కటే. అందులో ఆమెకు సున్నా వచ్చింది. తుది జాబితా వచ్చే సోమవారం బోర్డు మీద పెడతారని, రాతపరీక్ష మార్కులు ఈ ఒక్క ఏడాదికే చెల్లుతాయని తమ ప్రకటనలోనే ఉంది. వచ్చే ఏడాదికి దరఖాస్తుదారుల వయసు హద్దు కూడా ఆమె దాటిపోతుంది. కాబట్టి సోమవారం లోపు ఈ సున్నా పోకపోతే ఆమెకు ఈ చదువు ఇక లేదు. ఆ సున్నా ఆమెది కాదు, నాది. ఈ అర్జీ సారాంశం ఇదే. మిగతాదంతా ఇది ఎలా జరిగిందో చెప్పడానికే.

2. తమ నిబంధన ప్రకారం ప్రతి అభ్యర్థీ తన ఇంటివారిలో ఒకరిని "నమూనా రోగి"గా వెంట తెచ్చుకోవాలి. అభ్యర్థి ఆ మనిషిని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చి చూపించాలి. రోగి ఎలా ఉండాలో హాల్ టికెట్‌తో పాటే రాసి పంపారు. మాకు వచ్చింది: "పక్షవాతం వచ్చిన మహిళ. ఎడమ కాలు బలహీనం. కుడి కాలు మంచిది." మావారు బస్సు నడుపుతారు, వారికి సెలవు దొరకదు. అందువల్ల నమూనా రోగిని నేనే అయ్యాను. నాకు ఏ జబ్బూ లేదని, పూర్తి ఆరోగ్యంగా ఉన్నానని ఒక పత్రం మీద సంతకం కూడా చేశాను. చేసిన రోజున అది నిజమేనని నమ్మి చేశాను.

3. తర్వాత ఇంట్లో సాధన మొదలైంది. ఇక్కడ ఒక ఇబ్బంది వచ్చింది. నన్ను లేపడానికి మా అమ్మాయి చేతులు వేసేలోపే నేను లేచిపోయేదాన్ని.

"అమ్మా, నువ్వు లేవకూడదు. నేను లేపాలి."

"నువ్వు లేపుతున్నావనే లేచానే."

"అదే వద్దంటున్నా. బరువు నా మీద వెయ్యి. నీకు పక్షవాతం."

"నీ నడుం పట్టేస్తుందే పిల్లా."

"పట్టదు. పట్టకుండా ఎలా లేపాలో నేర్చుకోడానికేగా ఇన్నాళ్లూ చదివింది!"

కన్నపిల్ల మీద బరువు వేయడం నాకు చేతకాలేదు. అందుకని నాకు చేతనైన పద్ధతిలో దాన్ని నేర్చుకోవాలనుకున్నాను. ఏ పనైనా పదేపదే చేస్తే వస్తుంది. కాబట్టి ఇంటిపని చేసేటప్పుడు కూడా ఎడమ కాలు లేనట్టే మసిలాను. కూరలు తరిగేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు పీట మీద కూర్చుని, ఎడమ కాలు చచ్చుబడినట్టు చాచి, కుడి కాలు కిందికి మడుచుకుని గంటల తరబడి అలాగే ఉండేదాన్ని. మా ఆడపడుచు అది చూసి, "ఏంటి వదినా, సినిమాల్లో చేరదామనా? ముసలి వేషాలకి ఇప్పుడు గిరాకీ బాగానే ఉందట" అని ఆటపట్టించింది. నేను లెక్కచేయలేదు. చివరికి ఎడమ కాలును వదిలేయడం నాకు బాగా వచ్చింది. "ఇప్పుడు అచ్చం నా పేషెంట్లలా ఉన్నావు" అని మా అమ్మాయి మెచ్చుకుంది.

ఎడమ కాలు, అయ్యా. ఈ సంగతి తమరు గుర్తుంచుకోవాలి.

4. అర్జీదారుకు కుడి ఎడమలు తప్పే అలవాటు లేదని ఇక్కడే మనవి చేస్తున్నాను. మా వంటింట్లో డబ్బాలు ఎడమ నుంచి కుడికి ఏ వరసలో పెట్టానో ఆ వరసలోనే ఉంటాయి. కరెంటు పోయినా నా చెయ్యి తిన్నగా ఉప్పు డబ్బా మీదే పడుతుంది. మావారు వృత్తి రీత్యా డ్రైవరు, అయినా ఎక్కడికి వెళ్లినా దారి చెప్పేది నేను. పరీక్షలో జరిగింది తెలిసినప్పుడు వారు మొదట అన్న మాట ఇది: "పెళ్లైనప్పటి నుంచీ నన్ను కుడికి తిప్పు, ఎడమకి తిప్పు అంటూ ఉన్నది నువ్వు. నువ్వే కుడి ఎడమ తప్పావంటే వాళ్లెలా నమ్మారు?"

ఎలా నమ్మారో నాకు తెలుసు. నడివయసు ఇల్లాలు, కొత్త చోటు, చుట్టూ కోట్లు వేసుకున్న పెద్దలు. అలాంటి మనిషి కుడి ఎడమ తప్పింది అంటే ఎవరైనా నమ్ముతారు. అందుకే ఆ అబద్ధం చెప్పాను.

5. పరీక్షకు ముందు కొన్ని రోజులుగా నా కుడి కాలి చెప్పు జారిపోతూ ఉంది. నడుస్తుంటే చెప్పు వెనక ఉండిపోయేది, నాకు తెలిసేది కాదు. ఒకసారి బజారులో వెనక నుంచి ఎవరో "అమ్మా, మీ చెప్పు!" అని పిలిస్తే చూసుకున్నాను. పట్టీ వదులైందనుకుని చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లాను. అతను లాగి చూసి, "పట్టీ గట్టిగానే ఉందమ్మా, దీనికేం చెయ్యాలి?" అన్నాడు. అయినా బతిమాలి కుట్టించుకున్నాను. మెట్లెక్కేటప్పుడు కుడి బొటనవేలు మెట్టు అంచుకు తగిలేది. దానికి మెట్టును తిట్టుకున్నాను. ఈ సంగతులేవీ మా అమ్మాయికి చెప్పలేదు. పరీక్ష దగ్గరపడిన పిల్లకు చెప్పు గురించి ఏం చెప్తాం?

6. పరీక్ష గదిలో ఒక మంచం, దానికి కుడివైపున చేతుల కుర్చీ, గోడ దగ్గర బల్ల. బల్ల వెనక ఇద్దరు పరీక్షాధికారులు. ఒకరు నెరిసిన జడ ఉన్న మేడమ్ గారు. రెండోవారు చేతిలో స్టాప్‌వాచీ ఉన్న సారు. సారు మొదటే హెచ్చరించారు: "మొదలుపెట్టాక ఆపకూడదు. రోగిని రోగిలాగే చూడాలి. మధ్యలో ఆపితే అక్కడితో అయిపోయినట్టే."

నేను మంచం మీద పడుకున్నాను. మా అమ్మాయి నా పక్కకు వచ్చి, "నమస్కారమండీ. మిమ్మల్ని ఇప్పుడు కుర్చీలో కూర్చోబెడతాను. భయపడకండి" అంది. పుట్టి ఇన్నేళ్లలో అది నన్ను "మీరు" అనడం అదే మొదలు. నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. నేను రోగిని కదా.

నన్ను లేపి మంచం అంచున కూర్చోబెట్టింది. పాదాలు నేలకు ఆనించింది. నేను ఎడమ కాలు వదిలేశాను. మంచి కాలు ఎంత గట్టిగా ఉందో ముందు చూసుకోవాలట. అందుకని, "కుడి పాదం వేళ్లు పైకి లేపండి" అంది.

లేపాను.

"లేపండి," అంది మళ్లీ.

"లేపానండీ."

అది నా మొహంలోకి చూడలేదు, పాదం వైపే చూస్తోంది. నేనూ వంగి చూశాను. అయ్యా, నా పాదం నేల మీద అలాగే పడుంది. నేను లేపాను. లోపల ఎక్కడో లేచినట్టే ఉంది. పాదం మాత్రం లేవలేదు. ఎవరో తెచ్చి నా కాలి చివర పెట్టి వెళ్లిన వస్తువులా ఉంది.

దీన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. నాకు భయం వేసింది. ఇప్పటికీ వేస్తోంది.

మా అమ్మాయి పాదం పైభాగం మీద వేలితో గీసి, "ఇక్కడ తెలుస్తోందా?" అని అడిగింది. వేలు కనిపిస్తోంది, గీత తెలియడం లేదు. అప్పుడది, "అమ్మా, యాక్టింగ్ ఆపు. నువ్వు నిజంగా లేపలేకపోతున్నావా?" అంది.

"మీరు" పోయి "నువ్వు" వచ్చేసింది. సారు తలెత్తారు. మా అమ్మాయి లేచి చెయ్యెత్తి, "ఆపేస్తున్నాను సార్. ఈవిడకి బాగాలేదు. డాక్టర్ని పిలవండి" అంది.

"ఎవరికి బాగాలేదు?"

"మా అమ్మకి సార్. కుడి పాదం లేవట్లేదు."

"ఎడమ కాలు కదమ్మా బలహీనం?"

"అందుకే సార్."

స్టాప్‌వాచీ టిక్కుమంది.

7. మేడమ్ గారు బల్ల వెనక నుంచి లేచి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు. "అమ్మా, నిజంగా లేపలేకపోతున్నారా? కంగారులో కుడి ఎడమలు తప్పారా?"

ఇందులో నా తప్పు ఎక్కడుందో విప్పి రాస్తున్నాను. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది నేను సంతకం చేసిన ఆరోగ్య పత్రం. జబ్బు మనిషిని తెచ్చారని తెలిస్తే మా అమ్మాయిని పరీక్షకే పనికిరానిదని తీసేస్తారనుకున్నాను. నేను కంగారుపడ్డానంటే తప్పు నాదవుతుంది, దానికి మళ్లీ అవకాశం ఇస్తారనుకున్నాను. అందుకని, "కంగారు పడ్డానండీ. కుడి కాలనుకున్నాను" అన్నాను.

సారు నవ్వి, "ఇలా అవుతూనే ఉంటుంది" అంటూ నా మాట రాసుకున్నారు. మా అమ్మాయి మాత్రం నమ్మలేనట్టు నా మొహంలోకి చూసింది. నేను అబద్ధమాడుతున్నానని దానికి తెలుసు. నా పాదాన్ని వేలితో గీసి చూసింది అదే మరి.

"అమ్మా, కంగారు కాదని చెప్పు వాళ్లకి."

"కంగారే. నువ్వూరుకో."

ఆ మర్నాడు తమ నిబంధనలు మొదటి నుంచి చివరి దాకా చదివాను. పరీక్ష మధ్యలో నమూనా రోగికి నిజంగా అస్వస్థత కలిగితే అభ్యర్థి వెంటనే ఆపాలని, అలా ఆపినందుకు వేరొక నమూనా రోగితో మళ్లీ అవకాశం ఇస్తారని అందులో స్పష్టంగా రాసి ఉంది. అంటే మా అమ్మాయి చేసింది తమ నిబంధనే. నేను నిజం చెప్పి ఉంటే దానికి మళ్లీ పరీక్ష ఉండేది. దాన్ని కాపాడాలని ఆడిన అబద్ధమే దాన్ని ముంచింది.

8. స్టాప్‌వాచీ ఆగాక జరిగినదానిని కూడా రికార్డులోకి తీసుకోవాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. "సరేనమ్మా, దిగండి. తర్వాతివాళ్లని పిలవాలి" అన్నారు సారు. నాకేం లేదని చూపించుకోవాలని నా అంతట నేను చటుక్కున లేచాను. ఒక అడుగు వేశాను. కుడి పాదం వేళ్లు నేలకు తట్టుకుని మడతపడ్డాయి. ముందుకు పడిపోయాను.

పడ్డది నేల మీద కాదు, మా అమ్మాయి మీద. నెలల తరబడి "బరువు వెయ్యమ్మా" అని బతిమాలితే వేయలేనిది, ఆ రోజు నా బరువంతా ఒక్కసారిగా దాని మీద పడింది. నేను సన్నటి మనిషిని కాను. దాని మోకాలు నా మోకాలికి అడ్డుగా వచ్చింది. దాని చేతులు నా నడుం చుట్టూ తిరిగాయి. నాకు తెలిసేలోపు నేను కుర్చీలో ఉన్నాను. నాకు నొప్పి కలగలేదు. దాని నడుమూ పట్టలేదు. మంచం నుంచి కుర్చీలోకి మనిషిని మార్చడం అంటే అదే కదా, అయ్యా? అది నిజం మనిషి మీద, నిజం కాలుతో చేసింది. అప్పటికి స్టాప్‌వాచీ ఆగిపోయి ఉంది, అంతే.

సారు అప్పుడు కాగితాలు సర్దుకుంటున్నారు. తలెత్తి, "అమ్మా, పరీక్ష అయిపోయిందండీ. ఇక నటించక్కర్లేదు" అన్నారు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. మేడమ్ గారు మాత్రం చూశారు. నేను బయటికి వచ్చేదాకా నా కుడి పాదం వైపే చూస్తూ ఉన్నారు. వారిని ఒకసారి అడగమని ప్రార్థన.

9. ఈ విషయమై నేను తమ కార్యాలయానికి వచ్చి కౌంటరులో ఉన్న గుమాస్తా గారికి చెప్పుకున్నాను. ఆయన ఫైలు తీసి చదివారు.

"కంగారు పడ్డానని మీరే అన్నారుగా."

"అన్నాను బాబూ. అది అబద్ధం."

"ఇప్పుడు పడలేదంటున్నారు. రేపొచ్చి ఇంకోటంటారు. ఏది పెట్టమంటారు ఫైల్లో?"

"రెండూ పెట్టండి."

ఆయన నా మొహంలోకి చూసి, పాపం, కొంచెం మెత్తబడ్డారు. "చూడండమ్మా, మాట మీద సున్నా కొట్టెయ్యలేం. కాలికి కాగితం ఉందా? జబ్బు నిజమేనని డాక్టరు రాసివ్వాలి. అది తెస్తే పైకి పంపిస్తా."

10. డాక్టరు దగ్గరికి వెళ్లాము. కాలిని అటూఇటూ తిప్పి, సుత్తితో తట్టి చూశారు. మోకాలి పక్కన నరం నలిగి ఉండవచ్చునట. నడుములో నుంచైనా రావచ్చునట. తలలో నుంచైనా రావచ్చునట. నరాల పరీక్ష చేస్తే గానీ చెప్పలేమని, అప్పటిదాకా జబ్బు ఉందని ఏ కాగితమూ ఇవ్వనని అన్నారు. ఆ పరీక్షకు మాకు దొరికిన తేదీ బుధవారం. తమ జాబితా సోమవారం.

"తలలో నుంచైనా" అన్నప్పుడు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను డాక్టరు గారి గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. మా అమ్మకూ మొదట చెప్పే జారింది, అయ్యా. అప్పుడు నేనూ చెప్పునే తిట్టాను. తర్వాత ఆమె మంచం మీద నుంచి లేవలేదు. తిప్పి పడుకోబెట్టడం, ఒళ్లు తుడవడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ నేనే చేశాను. ఇప్పుడు ఆ మంచం మీద నేను, ఆ పనులు చేస్తూ మా అమ్మాయి కనిపిస్తున్నాము. ఇంట్లో ఏ పని చేస్తున్నా అదే కనిపిస్తోంది.

మా అమ్మాయి "సీటు సంగతి వదిలెయ్యమ్మా, ముందు నీ కాలు" అంటోంది. నా భయమూ అదే. రిపోర్టు చెడ్డగా వస్తే అది ఇల్లు కదలదు. సీటు చేతిలో ఉంటే వెళ్లు అని తరమగలను. సీటే లేకపోతే ఏమని తరమను?

పైగా అర్జీదారు పరిస్థితి ఇలా ఉంది: నాకు జబ్బు ఉందని తేలితేనే మా అమ్మాయి మాట నిజమవుతుంది. లేదని తేలితే నేను బతికిపోతాను, అది అబద్ధాలకోరు అవుతుంది. దణ్ణం పెట్టుకుందామని నిలబడితే, ఏమని అడగాలో తెలియక ఊరికే వచ్చేస్తున్నాను.

11. ఇంటి లెక్కల్లో తప్పు పడితే నేను చెరపను. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాస్తాను. పాతది కూడా కనిపించాలి, ఎందుకు మార్చానో తెలియాలి. తమ రికార్డులో కూడా అలాగే చేయమని వేడుకుంటున్నాను. కావున తమరు దయతలచి,

(అ) "నమూనా రోగి కంగారులో కుడి ఎడమలు తప్పినది" అన్న వాక్యం మీద గీత కొట్టి, "నమూనా రోగి భయపడి అబద్ధం చెప్పినది" అని పక్కన రాయించగలరు. కింద సంతకం నేను వచ్చి పెడతాను.

(ఆ) అభ్యర్థి నిబంధన ప్రకారమే పరీక్ష ఆపిందని గుర్తించి, వేరొక నమూనా రోగితో మళ్లీ అవకాశం ఇప్పించగలరు. మా ఆడపడుచు సిద్ధంగా ఉంది. నాకంటే బరువైన మనిషి. ఆవిడ ఎవరి మీదైనా నిస్సంకోచంగా బరువు వేయగలదు.

(ఇ) డాక్టరు కాగితం బుధవారం దాకా రాదు గనుక, సోమవారం లోపు తమ పరీక్షాధికారులు నా కుడి పాదాన్ని స్వయంగా చూడగలరు. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. చేతికర్రతో నడవగలుగుతున్నాను. సూదితో గుచ్చి చూసినా అభ్యంతరం లేదు. నటించేవాళ్లు సూదికి ఉలిక్కిపడతారట, మా అమ్మాయి చెప్పింది. నేను ఉలిక్కిపడను.

ఆరోగ్య పత్రం మీద చేసిన సంతకం విషయంలో ఏ చర్య తీసుకోదలచినా నా మీదే తీసుకోవాలని, దరఖాస్తుదారుకు అందులో పాత్ర లేదని కూడా మనవి. హాల్ టికెట్ నకలు, బుధవారం నరాల పరీక్షకు డాక్టరు గారు రాసిన చీటీ నకలు జతపరిచాను.

ఇన్ని విషయాలు ఓపికగా చదివిన తమకు నమస్కరిస్తూ, ఇందులో నిజమెంతో తమరే చిత్తగించి ఆదుకోవాలని ప్రాధేయపడుతూ,

తమ విధేయురాలు,
దరఖాస్తుదారు తల్లి,
ఆ రోజు నమూనా రోగి

తా.క.: ఈ అర్జీ నిన్న రాశాను. ఈ ఉదయం కవరులో పెట్టబోయే ముందు జరిగినది కూడా రాయకపోతే మళ్లీ ఇంకో అబద్ధం అవుతుంది.

కాళ్లు కడుక్కుంటుంటే కుడి బొటనవేలు కదిలింది. నేను లేపుదామనుకోగానే అది లేచింది. కొంచెమే. నాకు మొదట కళ్లనీళ్లు వచ్చాయి. ఆ వెంటనే సోమవారం గుర్తొచ్చింది. తమరు చూసేలోపు ఇది బాగైపోతే? చూపించడానికి నా దగ్గర ఉన్నది ఈ పాదం ఒక్కటే. గబగబా తుడుచుకుని సాక్సు వేసుకున్నాను. మా అమ్మాయి కసరత్తు చేయించడానికి వచ్చింది.

"సాక్సెందుకు?"

"చలిగా ఉందే."

"ఈ ఎండలో చలేంటమ్మా? తియ్యి."

"ఈ రెండు రోజులు కసరత్తు వద్దులే. సోమవారం తర్వాత చేద్దాం."

అది నా మొహం చూసింది. పక్కన బల్ల మీద ఉన్న ఈ కాగితాలు చూసింది. తీసుకుని అక్కడే నిలబడి చదివింది. తర్వాత కింద కూర్చుని, సాక్సు లాగేసి, పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"సీటు కోసం కాలు దాచుకుంటావా? దీన్నిలా వదిలేస్తే బిగుసుకుపోతుంది, తెలుసా?"

"ఇంకేం చూపించను వాళ్లకి? నా మాటే ఉంది. అది ఒకసారి మార్చేశాను."

"చూపించకు. లేపు."

"బాగైపోతే నువ్వు అబద్ధమాడినట్టవుతుందే."

"అవనీ. లేపమ్మా. మొహం చూడకు, పాదం చూడు. లేపు."

లేపాను, అయ్యా. బొటనవేలు లేచింది. అది పాదాన్ని పట్టుకుని తల వంచుకుంది. ఇది పీట మీద కాలు మడిచి కూర్చోవడం వల్ల నలిగిన మోకాలి దగ్గర నరమే అయ్యుంటుందని, బలం తిరిగి వస్తోందని అంది. నిజమో, నా భయం పోవడానికి అందో తెలియదు. అబద్ధమాడటం మా ఇంట్లో నాకొక్కదానికే రావాలని ఏముంది? కసరత్తు పూటపూటా చేయిస్తానంది. సరేనన్నాను.

మిగతా నాలుగు వేళ్లూ ఇంకా లేవలేదు. అవి లేచేలోగా దయచేసి ఎవరినైనా పంపండి. లేచాక వచ్చినా కాదనను.